చెల్లు పోగా మిగిలింది

జమ్మలమడుగు పత్తి మిల్లులో నా పని చెక్కులు రాయడం, రావాల్సిన చెక్కుల కోసం పోట్లాడడం. రెండోది నాకు బాగా వచ్చు. మా యజమానికి మూడు కంపెనీలు. మా మిల్లు గింజలు ప్రొద్దుటూరు నూనె మిల్లుకు పోతాయి. వాటిని మోసే లారీలు పులివెందుల కంపెనీవి, వాటి బాడుగ మేం కట్టాలి. ఆ లారీలకు డీజిలు ప్రొద్దుటూరు వాళ్ల బంకులో పోస్తారు. అంటే డబ్బు మూడూళ్లూ తిరిగి బయల్దేరిన చోటికే వచ్చేది. ఎవరూ ముందు ఇవ్వరు.

పులివెందుల అకౌంటెంటుతో నాకు ఏళ్ల తరబడి ఫోనులోనే తగువు. మనిషిని చూసింది లేదు. "బాడుగ యాడమ్మా?" అనేవాడు. "మీ ట్రిప్పుల లెక్క సరిచెయ్యన్నా, ఇస్తా" అనేదాన్ని.

ఒకరోజు యజమాని మా ముగ్గురు అకౌంటెంట్లనూ ప్రొద్దుటూరుకు పిలిపించాడు. ఇకమీదట నెలాఖరున అందరి బాకీలూ అక్కడే ఒకచోట చేర్చి, చెల్లుకు చెల్లు వేసి, మిగిలిన తేడా మాత్రమే పంపాలట. ఇద్దరు అకౌంటెంట్లు చాలట. ప్రొద్దుటూరు ఆయన యజమాని బామ్మర్ది కాబట్టి ఆయన సంగతి అడగక్కర్లేదు. అంటే పోవాల్సింది నేనో, పులివెందుల ఆయనో. మా ఇంట్లో నెలనెలా వచ్చేది నా జీతమొక్కటే.

పక్క కుర్చీలోని నెరిసిన గడ్డం మనిషి నోరు విప్పగానే ఫోనులో గొంతు గుర్తుపట్టాను.

"ఆయమ్మను పెట్టుకోండప్పా. చెల్లు వేయాలంటే ముందు అందరి లెక్కా ఒకటి కావల్ల. అది తేలేదాకా ఇడిసిపెట్టే రకం కాదు. నేను మా లారీల షెడ్డులో టైర్లు చూసుకుంటా."

"జీతం తగ్గుతాది మరి" అన్నాడు యజమాని. గడ్డం ఆయన సరేనని తలూపాడు.

బస్టాండులో ఆయన్ను పట్టుకున్నాను. "నాకోసం ఎందుకట్ల చేస్తివన్నా?"

"మేం బాడుగ తక్కువ రాసుకుంటే గూడా ఫోన్ జేసి చెప్పినావు. గమ్మునుంటే ఎవురికి తెలుస్తాది?" అని పులివెందుల బస్సెక్కాడు. కిటికీలోంచి మళ్లీ అన్నాడు. "ఇంగ నాకు ఫోన్ జేసే పనుండదు నీకు. పని లేకపోయినా జేస్తాండు."

ఆ మనిషికి నేను శానా రుణపడ్డాను. జీతం పడిన రోజు మొదటి ఫోను ఆయనకే. టైర్ల ధరలడుగుతాను, పులివెందుల ఎండలడుగుతాను. ఇంత నోరున్న దాన్ని, అసలు చెప్పాల్సిన మాట ఇంతవరకూ చెప్పలేకపోయాను.