ఆగవలసిన వైన్

పందొమ్మిది వందల యాభైలలో మా ఆఫీసు పై అధికారి పదవీ విరమణ చేసి వెళ్తూ నాకొక ఎర్ర వైన్ సీసా ఇచ్చారు. గంటసేపు గాలి తగిలితేనే దాని రుచి విచ్చుకుంటుందని చెప్పారు. ఆదివారం సాయంత్రం మాదన్నపేటలోని మా ఇంట్లో, పత్తర్‌గట్టిలో కొన్న గాజు గ్లాసుల్లో అమ్మకూ బాపుకూ నాకూ పోసి, ఆగమన్నాను.

బాపు ఎరిగింది కల్లు ఒక్కటే. కల్లు ఆగితే పులుస్తుంది.

"ఊకె సూసుకుంట కూసుంటే పులిసిపోతదిరా!"

"ఇది కల్లు గాదు బాపూ, జర ఆగు."

ఆయన కూర్చోలేక గదంతా తిరిగి, చివరికి తన గ్లాసు ఒక్క గుక్కలో తాగేశారు.

"సూడు, నీ లొల్లిల పులిసింది!"

నాకు ఒళ్ళు మండింది. ఆయన ఆ రుచి చూడాలనే కదా ఇంత ఏర్పాటు! గంట నిండాక అమ్మ తన గ్లాసు వాసన చూసి, "నేరేడుపండ్ల వాసనొస్తున్నది" అంటూ బాపుకిచ్చింది. ఆయన ఈసారి మెల్లగా తాగారు.

"గిది ఏరే సీసలదా? మంచిది మీ అమ్మకు దాస్తివా?"

సీసా ఒక్కటేనని ఎంత చెప్పినా ఆయన చివరిదాకా నమ్మలేదు. ఆ అభాండాన్ని ఆనాడే డైరీలో ఖండించాను. నేటికీ ఖండిస్తున్నాను.