గేటు పడ్డప్పుడు చెప్పిన రాణుల కథలు

నాకు మనవరాలు పుట్టిందండి. తెనాలి ఆసుపత్రిలో, తెల్లవారుతుండగా. తల్లీ పిల్లా క్షేమం. ఈ మాట చెబుదామని పొద్దున్నే బండెక్కి రేపల్లెలో దిగేసరికి మా టీచరమ్మగారు ప్రభువునందు నిద్రించారని తెలిసింది. ఒకే పూట రెండు కబుర్లు. ఒకటి చెప్పబోతే రెండోది గొంతుకి అడ్డం పడుతోంది. సంతోషం పట్టలేకుండా ఉన్నాను, ఏడుపూ ఆపుకోలేకుండా ఉన్నాను. అందుకని ఈ రాత అటూ ఇటూ పోతే పెద్దలు మన్నించాలి.

మన సంఘ పత్రికకి ఆవిడ గురించి నాలుగు ముక్కలు రాయమన్నారు పాస్టరుగారు. రాసేవాళ్లు చాలామంది ఉన్నారండీ, నేను ఏడో తరగతితో ఆపేశాను అన్నాను. ఆ ఏడూ ఎవరి దగ్గర చదివావయ్యా అని అడిగారు. కాగితం తీసుకుని కూర్చున్నాను.

బడి మానేశాక నేను రైల్వేలో చేరి తెనాలి రేపల్లె లైను మీద గేటుమానుగా చేశాను. టీచరమ్మగారు మా గేటు మీదుగానే బడికి వెళ్లేవారు. పాత రిక్షా, నల్ల గొడుగు, భుజం మీద కొంగుకి ఒక తెల్లరాయి పిన్ను. ఆ పిన్ను ఆవిణ్ణి చదివించిన దొరసానిగారిది. జర్మనీలో పుట్టి మన మిషన్ బళ్లో పని చేసిన మనిషి. స్వదేశం వెళ్లిపోతూ ఆ పిన్నూ, బొమ్మలున్న ఒక పెద్ద పుస్తకమూ ఆవిడ చేతిలో పెట్టి వెళ్లారట. ఆ పుస్తకం నిండా రాణులు, రాజుల కూతుళ్లు, మెడ దాకా గుండీలు పెట్టుకున్న ముసలి దొరసానులు. దొరసానిగారు ఒక్కొక్క బొమ్మ మీద వేలు పెట్టి, ఈ పిల్ల ఎవరి కూతురు, ఏ ఇంటికి కోడలైంది, ఆ తరవాత ఆవిణ్ణి ఏమని పిలిచారు అని చెబుతుంటే మా టీచరమ్మగారు చిన్నప్పుడే అన్నీ విన్నారు.

గేటు పడితే ఆవిడ రిక్షా దిగేవారు. మా ఆవిణ్ణి పిలిచి కుండలో నీళ్లు అడిగి తాగేవారు. మా ఇంట్లో నీళ్లు తాగని పెద్దమనుషులు ఆ దారిలోనే పోయే రోజులవి. తాగి, గ్లాసు బోర్లించి, బండి వచ్చేదాకా నాకో రాణి కథ చెప్పేవారు. రిక్షా అబ్బాయి హ్యాండిలు మీద వాలి వీపు ఇటు పెట్టి వినేవాడు. సగంలో బండి వచ్చేసేది. మిగతాది మళ్లీ గేటు పడ్డప్పుడే.

జర్మనీలో మన రేపల్లె తాలూకా అంత ఊరికి కూడా ఒక రాజు ఉండేవాడటండి. పొలం తక్కువ, సైన్యం తక్కువ, ఆడపిల్లలు మాత్రం ఎక్కువ. అందుకని పిల్లలకి పాటలూ, నాలుగు భాషలూ నేర్పి పెద్ద పెద్ద దేశాలకి కోడళ్లుగా పంపేవారట. అలాంటి చిన్న ఊరి పిల్లే ఒకతి రష్యా వెళ్లి, పేరు మార్చుకుని, మతం మార్చుకుని, మహారాణి అయి కూర్చుందట. మతం ఎలా మార్చుకుందండీ, మనలాగే లూథరన్ పిల్లే కదా అని నేను బాధపడితే ఆవిడ నవ్వారు. "వాళ్ల ఇళ్లల్లో పెళ్లంటే రెండు గుండెల సంగతి కాదురా, రెండు సరిహద్దుల సంగతి" అన్నారు.

ఆ బిరుదులకి నాకు నోరు తిరిగేది కాదు. డ్యూక్ పెళ్లాం డచెస్, కౌంట్ పెళ్లాం కౌంటెస్. కొడుక్కి పెళ్లయి కొత్త రాణి వస్తే తల్లి పాత రాణి అవుతుంది, కాని బిరుదు పోదు. రాజు కూతురికైతే ఉయ్యాల్లో ఉన్నప్పుడే ప్రిన్సెస్ అని పేరుకి ముందు తగిలిస్తారట. పాలు కక్కుతున్నా ప్రిన్సెస్సే అనేవారు. పెళ్లి కాని రాజకుమార్తెల కోసం లూథరన్ మఠాలు కొన్ని ఉండేవని, వాటికి పెద్దగా ఉన్న ఆడమనిషికి మొగుడి వల్ల కాకుండా సొంతానే బిరుదుండేదని, రాజుల సభలో ఆవిడకీ ఒక చోటు ఉండేదని చెప్పినప్పుడు మాత్రం గొంతు మారేది. టీచరమ్మగారు పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. మన దగ్గర డాక్టరుగారి భార్య డాక్టరమ్మగారు, పాస్టరుగారి భార్య పాస్టరమ్మగారు. ఆవిడొక్కరే తన చదువుతో తాను టీచరమ్మగారు అయ్యారు.

తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో మన పెద్ద ఇళ్లు కూడా ఆ రాజుల ఇళ్లలాంటివే అనేవారు ఆవిడ. పాస్టరుగారిల్లు, హెడ్మాస్టరుగారిల్లు, ఆసుపత్రి డాక్టరుగారిల్లు. వీళ్ల పిల్లని వాళ్లకి, వాళ్ల పిల్లని వీళ్లకి. చివరికి ఎవరింట్లో పెళ్లయినా అందరూ అందరికీ చుట్టాలే. ఆ వరసలో గేటుమానుకి చోటు లేదు. నేనూ చోటు కోరలేదు.

కాని మా అమ్మాయి నర్సు చదివి బాపట్లలో ఉద్యోగంలో చేరింది. అక్కడ లెక్చరరుగా ఉన్న అబ్బాయి, రిటైరైన పెద్ద పాస్టరుగారి కొడుకు, మా పిల్లని చేసుకుంటానన్నాడు. ఆ పాస్టరుగార్ని అందరూ పెద్దయ్యగారంటారు. ఆయన వద్దనలేదు. కాదంటే కొడుకు దూరమవుతాడు. పెళ్లి రేపల్లెలోనే చిన్నగా కానిద్దాం, వాళ్ల తరఫున నలుగురు వస్తారు, బాపట్ల గుడిలో ప్రకటనలు మాత్రం వద్దు అని కబురు పంపారు. మన గుళ్లల్లో పెళ్లికి ముందు వరసగా ఆదివారాలు ఇద్దరి పేర్లూ అందరి ముందూ చదువుతారు కదండీ, అది వద్దన్నమాట. నేను పొంగిపోయాను. అంత ఇంటికి నా పిల్ల వెళ్తుంటే ఇంకేం కావాలి అనుకుని గేటు దగ్గర టీచరమ్మగారికి సంబరంగా చెప్పాను.

ఆవిడ నీళ్లు తాగడం ఆపేశారు.

"ఏరా, ఆయన ఎడమచెయ్యి ఇస్తానంటే నువ్వు రెండు చేతులూ చాచావా?" అన్నారు.

అప్పుడు చెప్పారు ఆ కథ. రాజు తనకంటే తక్కువ ఇంటి పిల్లని చేసుకోవాలనుకుంటే, పెళ్లిలో కుడిచెయ్యి బదులు ఎడమచెయ్యి ఇచ్చేవాడట. పెళ్లి పెళ్లే, దేవుడి ముందే. కాని ఆ పిల్లకి రాజు బిరుదు రాదు, పుట్టిన పిల్లలకి రాజ్యం రాదు. భార్యే గాని రాణి కాదు.

"పోనీలెండి అమ్మగారూ, పిల్ల సుఖంగా ఉంటే చాలు."

"సుఖంగానే ఉంటుంది. మర్యాదగా కూడా ఉండనీ" అన్నారు. ఆ శనివారమే గొడుగు పట్టుకుని బాపట్ల బస్సెక్కారు. పెద్దయ్యగారితో ఏం మాట్లాడారో ఇప్పటికీ తెలియదు. ప్రకటనలకి ఆయన ఒప్పుకున్నారు.

మొదటి ప్రకటన నాడు మేము బాపట్ల వెళ్లాం. నేను మగవాళ్ల వైపు చివర, మా ఆవిడ, టీచరమ్మగారు ఆడవాళ్ల వైపు కిటికీ పక్క. ఆ రోజు చదివిన చిన్న పాస్టరుగారు, గౌరవనీయులైన పెద్దయ్యగారి కుమారుడు చిరంజీవి ఫలానా అని నిండుగా చదివి, రేపల్లె గేటుమాను కూతురు ఫలానా అని గబగబా ముగించారు. మామూలుగా అడిగే మాట అడిగారు, ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని.

"నాకుందండి" అని టీచరమ్మగారు లేచి నిలబడ్డారు.

గుడంతా ఆవిడ వైపు తిరిగింది. పెళ్లికొడుకు సగం లేచాడు.

"పెళ్లికి కాదు బాబూ, చదివినదానికి" అన్నారు ఆవిడ, బడిలో మాట్లాడినట్టే. "వరుడి తండ్రికి గౌరవనీయులన్నారు. సంతోషం. వధువు తండ్రికి పేరే లేకుండా చేశారు. ఆయనకి పేరుంది, నేనే బళ్లో రాయించాను. దాని ముందు శ్రీ ఉంటుంది. పిల్ల పేరు ముందు కుమారి ఉంటుంది. మళ్లీ చదవండి."

చిన్న పాస్టరుగారు పెద్దయ్యగారి వైపు చూశారు. పెద్దయ్యగారు తన కాళ్ల వైపు చూసుకున్నారు. ఇంతలో ఆడవాళ్లలోంచి ఎవరో ముసలామె, చదివెయ్యవయ్యా, ఇంటి దగ్గర అన్నం చల్లారిపోతోంది అంది. అందరూ నవ్వారు. ఆయన మళ్లీ చదివారు. అంతవరకు నా పేరు ముందు శ్రీ అని మైకులో వినలేదండి నేను. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. టీచరమ్మగారు కూర్చుని పాటల పుస్తకం తెరుచుకున్నారు, ఏమీ జరగనట్టు.

పెళ్లి బాగా జరిగింది. అల్లుడు బంగారం. అత్తింట్లో మా పిల్లని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అయితే పెద్దయ్యగారు ఎవరికి పరిచయం చేసినా "మా అబ్బాయి భార్య" అనేవారు. మా కోడలు అనేవారు కాదు. గుడి దగ్గరా అంతే, ఇంటికి వచ్చినవాళ్లతోనూ అంతే. మా అమ్మాయి ఒకసారి నవ్వుతూనే చెప్పింది గాని, చెప్పాక చాలాసేపు గిన్నెలు తోముతూ ఉండిపోయింది.

ఆ మాట నేను టీచరమ్మగారి దాకా మోశాను. ఆవిడకి ముద్ద దిగలేదు. ప్రకటనైంది, ఉంగరమైంది, మన పిల్లకి కోడలనే బిరుదు మాత్రం ఇప్పించలేకపోయానురా అన్నారు. అది పట్టుబట్టి ఇప్పించేది కాదని ఆవిడకీ తెలుసు. అప్పట్నించీ ఎప్పుడు కలిసినా, గేటు దగ్గరైనా, నేను రిటైరయ్యాక ఆవిడ గుమ్మంలోనైనా, మొదటి మాట ఒకటే.

"అన్నారా?"

"ఇంకా లేదండి."

అంతే మా పలకరింపు. ఏళ్లు గడిచాయి. ఆవిడ బడి మానేశారు, చూపు తగ్గింది, మంచాన పడ్డారు. మా అమ్మాయి నెలలు నిండి తెనాలి ఆసుపత్రిలో చేరినప్పుడు, వెళ్లొస్తానని చెప్పడానికి వెళ్లాను. చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగారు. "పిల్ల పుడితే వచ్చి చెప్పు. ఆయన ఆ మాట అంటే అదీ చెప్పు. అదే ముందు చెప్పు" అన్నారు. నాతో ఆవిడ ఆఖరి మాటలు అవే.

కాన్పు కష్టమైంది. అల్లుడు బాపట్ల కబురు చేస్తే పెద్దయ్యగారు వెంటనే వచ్చేశారు, లోపలి బనీను కనబడేలా చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని. ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు. తలుపు దగ్గర కొత్త నర్సమ్మ అడ్డం నిలబడి, మీరేమవుతారండీ అని అడిగింది. నేను చెప్పబోయాను. నాకంటే ముందు ఆయనే అన్నారు.

"లోపల ఉన్నది మా కోడలమ్మా. కోడలు ఎలా ఉందో చెప్పు చాలు, మేము ఇక్కడే ఉంటాం."

ఎవరూ అనమనలేదండి. ఎవరి మెప్పు కోసమూ కాదు. ఆ నర్సమ్మ ఆయన్ని ఎరగదు కూడా. తరవాత బల్ల మీద నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకున్నారు. కుడిచేత్తోనో ఎడమచేత్తోనో నేను చూడలేదు. పాప ఏడుపు వినపడేదాకా వదల్లేదు.

ఆ మాట మోసుకుని బండెక్కాను. తెనాలి నుంచి రేపల్లె దాకా పెదాల మీదే పెట్టుకున్నాను. స్టేషన్లో దిగగానే పాత పోర్టరు ఎదురొచ్చి తల దించుకున్నాడు.

టీచరమ్మగారింటికి వెళ్లేసరికి ఆవిడకి స్నానం చేయించి, తెల్లచీర కట్టి, ఆ పిన్ను పెట్టారు. నేను వంగి చెవి దగ్గర, మా కోడలు అన్నారమ్మా అని చెప్పాను. ఆ తరవాత పాప పుట్టిందని చెప్పాను. ఆవిడ చెప్పమన్న వరసలోనే చెప్పాను. ప్రార్థన చేస్తున్నాననుకుని ఆవిడ అన్నగారి కూతురు పక్కకి తప్పుకుంది. విన్నారో లేదో దేవుడికే తెలియాలి.

సమాధుల తోటకి పెద్దయ్యగారూ వచ్చారు. చెప్పులు విడిచి, మట్టి వేసి, అందరూ వెళ్లిపోయినా చాలాసేపు నిలబడ్డారు.

ఇంకా చెప్పవలసినవాళ్లున్నారు. రెండు కబుర్లూ ఒకే కార్డులో రాస్తున్నాను, విడదియ్యలేక. కొల్లిపరలో మా పెద్దక్కకి. ఆవిడకి చదివి పెట్టే మా మేనకోడలికి. చేబ్రోలులో మా బావమరిదికి. కారంచేడులో మా చిన్నత్తకి, ఆవిడకి చెవుడు, గట్టిగా చెప్పాలి. బాపట్లలో పెద్దయ్యగారి చెల్లెలికి, ఆవిడకి తానే చెబుతానన్నారు ఆయన. టీచరమ్మగారి అన్నగారి కూతురికి, పాప సంగతి ఆవిడకింకా సరిగ్గా చెప్పనేలేదు. ఆ తరవాత, చుట్టం కాదు గాని, ఇన్నేళ్లూ వీపు ఇటు పెట్టి అన్ని కథలూ విన్న రిక్షా అతనికి. నిన్న అటువైపు వెళ్లినప్పుడు చూశాను. గేటు తెరిచే ఉంది. బండి వచ్చే వేళ కూడా కాదు. ఖాళీ రిక్షా అక్కడ ఆపి, దిగి నిలబడి ఉన్నాడు.