జారుముడి రామలింగప్ప బాడుగ బండి

మా నాయన తెగిన పోగును ఎక్కడ అతికాడో భూతద్దం పెట్టి వెదికినా దొరికేది కాదు. మగ్గం మీద అంతటి పనివాడు. అయినా ఊళ్లో ఆయనకు స్థిరపడిన పేరు మాత్రం జారుముడి రామలింగప్ప. మా ఇంటికి దారి అడిగిన వాళ్లకు కూడా ఆ పేరుతోనే చెప్పేవాళ్లు. చిన్నప్పుడు నాకు ఒళ్లు మండిపోయేది. ఒకసారి బావి దగ్గర ఒకామెతో ఆ మాట మీదే బిందె దించి మరీ పోట్లాడాను. నాయన మాత్రం ఎవరు పిలిచినా పలికేవాడు, నవ్వేవాడు.

ఆ పేరు రావడానికి కారణం ఒక బాడుగ బండి. నేను పుట్టక ముందు సంగతి. కర్నూలు రాజధాని అయిన ఏడాది, కార్తీకం చివర. వందసార్లు విన్నాను కాబట్టి చూసినట్టే చెబుతాను.

మాది ఎమ్మిగనూరు పక్కన ఒక నేతపల్లె. ఇల్లంటే ఒకటే పొడుగాటి కొట్టం. వాకిలి దగ్గర మగ్గం గుంట, నడుమ పడుగులూ, నూలు తోడే ఆసులూ, చివర పొయ్యి. ఆ కొట్టంలో మా అవ్వ గిడ్డమ్మ, నాయన తమ్ముళ్లు ఇద్దరు, మొగుడు పోయి పుట్టింటికి వచ్చిన మా మేనత్త, నాయన, అమ్మ. మగవాళ్లు మగ్గం పక్కన పడుకోవాలి, ఆడవాళ్లు పొయ్యి పక్కన. మా అవ్వ ఆ రెంటి నడుమ మంచం వేసుకునేది. ఆమెకు నిద్ర తక్కువ. గాజు కదిలితే చాలు, ఎవరది అని అడిగేది.

అట్లా ఏడేళ్లు గడిచాయి. ఏడేళ్లకు మా అవ్వ కోడలి కడుపు పండదని తీర్మానించింది. నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మంచం తానే అడ్డం వేసి, మనవడు రాలేదేమని దేవుణ్ణి నిలదీసిన మనిషి ఆమె ఒక్కతే అనుకుంటాను. తిట్టాలనిపిస్తుంది, కానీ నన్ను ఎత్తుకుని పెంచింది కూడా ఆ చేతులే.

అవ్వ తీర్మానం అక్కడితో ఆగలేదు. ఆలూరు వైపు ఒక పిల్లను చూసింది. రెండో పెళ్లి కూడదని అప్పటికే సర్కారు చట్టం చేసిందట. ఆ సంగతి సర్కారు మా అవ్వకు చెప్పలేదు. అమావాస్య వెళ్లి విదియ తగిలే సోమవారం పొద్దున పిల్ల తరఫువాళ్లు వచ్చి తాంబూలాలు పుచ్చుకోవాలని మాట అయింది. తాంబూలాలు మారితే ఇక వెనక్కు పోయేది లేదు.

మా అమ్మ చౌడమ్మది కడప దగ్గర కమలాపురం. ఇంత దూరం ఇచ్చారు గాని, వెనక నిలబడి మాట్లాడే నాథుడు లేడు. తండ్రి పోయాడు, అన్న పట్టించుకోడు. అందుకని ఆమె ఏమీ అనలేదు. మగ్గానికి వీపు పెట్టి కూర్చుని నూలు కండెలు చుట్టేది. నాయన నేసేవాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇద్దరి నడుమ జానెడు దూరం, అయినా ఒకరి మొహం ఒకరికి కనపడదు. కండె అయిపోతే నాయన చెయ్యి వెనక్కు చాచేవాడు, అమ్మ ఇంకొకటి ఆ చేతిలో పెట్టేది. వాళ్ల సంసారం అంతా ఆ చెయ్యి చాచడంలోనే జరిగిందని అమ్మ అనేది.

నాయన నోట్లో నాలుక లేని మనిషి. తల్లికి ఎదురు చెప్పింది అంతవరకు లేదు. కానీ ఆ వారం ఒక పని చేశాడు. అమావాస్యకు మా నేతగాళ్లు మగ్గం ముట్టరు, ఎంత అవసరం ఉన్నా గుంటలో కాలు పెట్టరు. ఆ సెలవు చూసుకుని, తమ ఇద్దరికీ ఏటి స్నానం మొక్కు ఒకటి మిగిలిపోయిందనీ, కొత్త ముడి పడకముందే తీర్చుకోకపోతే దోషమనీ అవ్వతో చెప్పాడు. దోషం అనేసరికి అవ్వ సరేనంది. శుక్రవారం పోయి ఆదివారం సందెలోగా ఇంట్లో ఉండాలని గట్టిగా చెప్పింది.

ఊళ్లో గూడు బండి కాశన్నకు ఒక్కడికే ఉండేది. వెదురు తడికలతో గూడు, లోపల మెత్తటి గడ్డి, చక్రాలకు కొత్త పట్టాలు. పెళ్లిళ్లకు, తిరునాళ్లకు బాడుగకు తిప్పేవాడు. బాడుగ కింద తలకు చుట్టుకునే రుమాలు ఒకటి నేసి ఇస్తానని నాయన ఒప్పించాడు. బండి తోలేవాడు వద్దు, తానే తోలుకుంటానన్నాడు. కాశన్న కడుపు పట్టుకుని నవ్వాడట. నాయన జన్మలో ముల్లుగర్ర పట్టలేదు. అయినా ఎద్దులకు ఏటి దావ కొట్టినపిండి, నువ్వు కూర్చుంటే చాలు అని ఇచ్చేశాడు. ఇచ్చేటప్పుడు పలుపుతాడు ఎట్లా కట్టాలో నాలుగుసార్లు చూపించాడు. విడిచిపెడితే అవి నేరుగా నా ఇంటికే వస్తాయి, జాగ్రత్త అన్నాడు.

వాళ్లు పోయిన తీరు అమ్మ చెబితే వినాలి. శుక్రవారం మధ్యాహ్నం బండి ఎక్కారు. ముందు నాయన, గూడు లోపల అమ్మ, ఒక బొంత, రెండు చేటల బొరుగులు, జొన్నరొట్టెల మూట, చెనక్కాయల కారం, ఒక సట్టి, ఒక చెంబు. ఊరు దాటేవరకు అమ్మ తల ఎత్తలేదు. ఊరు దాటాక చూస్తే, తోలుతున్నానని అనుకుంటున్న మొగుడి కాళ్లు రెండూ కింద వేలాడుతూ ఒకటి తర్వాత ఒకటి కదులుతున్నాయట. బండి మీద కూర్చుని కూడా మగ్గం తొక్కుతున్నాడు. అమ్మకు నవ్వు ఆగలేదు. ఏడేళ్లలో ఆయన ముందర నవ్వడం అదే మొదలు అని చెప్పేది.

సందెకు తుంగభద్ర ఒడ్డుకు చేరారు. ఏటి పక్కన తుమ్మచెట్ల వరుస, ఇసుక, అవతల గట్టు. పాపాగ్ని ఏటి ఒడ్డున పెరిగిన పిల్ల మా అమ్మ. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ చేదబావి నీళ్లే గాని పారే నీళ్లు చూసి ఎరగదు. ఆ సంగతి ఎప్పుడో ఒకసారి, కొత్తల్లో, కండె అందిస్తూ అందట. ఆయన అది మనసులో పెట్టుకున్నాడని ఆ పొద్దు గాని తెలియలేదు. బండి దిగి నీళ్లలోకి పోయి మోకాటి లోతులో చాలాసేపు నిలబడింది.

మరునాడు అమావాస్య. స్నానాలు చేశారు. మూడు రాళ్లు పెట్టి అమ్మ రొట్టెలు వెచ్చజేస్తుంటే నాయన తాను ఉగ్గాని చేస్తానన్నాడు. బొరుగులు ఎక్కువసేపు నానబెట్టి పిండి చేశాడు. అదే ఒక సట్టిలో పెట్టుకుని ఎదురెదురుగా కూర్చుని ఇద్దరూ తిన్నారు. ఇంట్లో మగవాళ్లు తిని లేచాక గాని ఆడవాళ్లు తినరు. మొగుడు తింటుంటే చూస్తూ తినడం తనకు శానా సిగ్గేసిందని చెప్పేటప్పుడు, డెబ్బై ఏళ్ల మనిషి, కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఆ ఉగ్గాని రుచి ఎట్లా ఉండేదని నేను అడిగితే, చండాలంగా ఉండ్య, మళ్లా మళ్లా పెట్టించుకోని తింటి అనేది.

బండి నుంచి పది అడుగుల్లో ఏరు. గూట్లో గడ్డి మీద బొంత. ఎవరది అని అడిగే వాళ్లు లేరు. అంతకు మించి వాళ్లు నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

కానీ ఆ రెండు రోజులూ అమ్మ ఒక మాట కోసం కాచుకుంది. సోమవారం గురించి ఆయన ఏదో ఒకటి అంటాడని. వద్దంటానని గానీ, తప్పదు, ఓర్చుకో అని గానీ. ఆయన ఆ మాటే ఎత్తలేదు. నన్ను వదిలేసే ముందు ఒకసారి సంతోషపెట్టడానికి తెచ్చాడేమో, ఇంగ ఆ రెండోది వస్తే ఈ బండి కూడా నాకు దక్కకుండా పోతుందేమో అని లోలోపల కుమిలిపోయింది. ఆదివారం మధ్యాహ్నం తిన్నాక నాయన ఒకటే మాట అన్నాడు.

"పొద్దు వాలకముందే బయలెల్లల్ల మే. అమ్మ ఎదురు చూస్తాంటాది."

అని గూట్లో పడుకున్నాడు. కునుకు తీసి లేచి చూస్తే తుమ్మచెట్టు దగ్గర పలుపుతాడు మాత్రమే ఉంది. ఎద్దులు లేవు. ఏటి వెంబడి సందె దాకా వెదికి, ఇసుకలో కాళ్లు ఈడ్చుకుంటూ ఉత్త చేతులతో వచ్చాడు. ఆ పూట కూడా వాళ్లు బండిలోనే ఉండిపోయారు.

ఎద్దులు చేరవలసిన చోటికి చేరాయి. దీపాలు పెట్టేవేళకు కాశన్న వాకిట్లో నిలబడ్డాయి, వెనక బండి లేకుండా. కాశన్న వచ్చి అవ్వకు చెప్పాడు. బండి లేని ఎద్దులు ఇల్లు చేరడమంటే మా వైపు మంచి కబురు కాదు. ఏట్లో కొట్టుకుపోయారని మా అవ్వ శోకాలు పెట్టింది. పొద్దున ఆలూరువాళ్లు తాంబూలం పళ్లెం పట్టుకుని వీధిలోకి వచ్చేసరికి ఇంటి ముందు జనం, లోపల ఏడుపు. పిల్ల మేనమామ గడప కూడా తొక్కలేదు. శకునమే ఇట్లుంటే పిల్లనెట్లా ఇచ్చేదని వచ్చిన బండిలోనే తిరిగిపోయారు.

కాశన్న ఎద్దుల్ని తోలుకుని మధ్యాహ్నానికి ఏటికి చేరాడు. చెట్టుకున్న తాడు చూశాడు. అడిగితే నాయన తల వంచుకుని చెప్పాడట.

"అలవాటుకొద్దీ పోగుముడి ఏసినా కాశన్నా. జారిపాయ."

కాశన్న ఆ మాటను ఊరంతా చెప్పాడు. ఎద్దులకు పోగుముడి వేసినవాడు, నూలుకూ పలుపుకూ తేడా తెలియనివాడు అని నెలరోజులు నవ్వారు. పేరు పడిపోయింది. అవ్వ వారం రోజులు కొడుకును తిట్టింది, తర్వాత బతికి వచ్చాడని ఏడ్చింది, తర్వాత మళ్లీ ఆలూరికి మనిషిని పంపుతానంది. అప్పుడు నాయన మగ్గం గుంటలో నుంచి తలెత్తి, "ఇంగ ఎవుర్నీ పిలవాకమ్మా" అన్నాడు. అంతే. ఆ సాయంత్రమే వెదురు తడికలు తెచ్చి కొట్టానికి పక్కన ఒక చాపెడు జాగా వేరు చేశాడు. అవ్వ మంచం ఆ తడిక దాకా పోలేదు.

నేను పుట్టింది రెండేళ్ల తర్వాత. వేళ్ల మీద లెక్కలు కట్టేవాళ్ల కోసం చెబుతున్నాను. నా పేరు మహాదేవమ్మ.

ఆ తర్వాత ఏటేటా కార్తీక అమావాస్యకు ఆ బండి మాదే. గూట్లో నేను అమ్మ ఒళ్లో తల పెట్టుకుని పడుకుంటే, గడ్డి వాసన, ఇరుసు చప్పుడు, ముందు నాయన కాళ్లు మగ్గం తొక్కుతూ. బయలుదేరేటప్పుడు వీధిలో ప్రతివాడూ ముడి గట్టిగా ఏయప్పా రామలింగప్పా అని అరిచేవాడు. నాయన చెయ్యి ఊపేవాడు. పిండి అయిపోయిన ఉగ్గాని కూడా ఏటేటా ఉండేది. ఆయనకు అది ఎప్పటికీ కుదరలేదు. ఇప్పుడు కార్లలో పోతున్నాం, ఎక్కడికి పోయినా గంటలో చేరుతున్నాం. ఆ బండిలో పోయినంత దూరం నేను మళ్లీ ఎక్కడికీ పోలేదు.

బస్సులు వచ్చాక కాశన్న ఎద్దుల్ని అమ్మేశాడు. గూడు విప్పి కోళ్లకు కప్పాడు. నేను పెళ్లయి పోయాను. అవ్వ పోయింది. నాయన పోయిన ఏడాదిలోనే, ఒక మాసికం నాడు, అమ్మా నేనూ పెట్టె సర్దుతుంటే ఆయన పాత టవాలు ఒకటి బయటపడింది. పెళ్లయిన కొత్తల్లో సన్న నూలుతో తన కోసం నేసుకున్నదట. నేను దాన్ని మడుస్తూ, ఇంత పనితనం ఉన్న మనిషిని జారుముడి అని పిలిచారే, నాకు కడుపు మండుతుంది అన్నాను.

అమ్మ పెట్టె మూత దించింది. తర్వాత నా మొహం చూడకుండా చెప్పింది.

"ఆయప్ప ముడి జారలేదు. కాశన్న చూపిచ్చినట్లే కట్నాడు. నేనే పోయి ఇప్పినా."

సోమవారం ఇంట్లో ఉంటే ఆ పిల్ల వచ్చేస్తుందని, ఒక్క పూట ఆగితే చాలని, ఎద్దుల్ని ఇంటి దావకు తిప్పి వీపు మీద చరిచానని చెప్పింది. ఇన్నేళ్లూ గుండెల్లో పెట్టుకుని, చెప్పడానికి నోరు రాలేదట.

"నాయనకు తెలీదా?" అన్నాను.

"తెలీక? ఇడిస్తే ఎద్దులు ఇంటి దావే పడతాయని కాశన్న ముందే చెప్పిండ్య. అయినా ఆయప్ప ఏటెంబడి పోయి ఎతుకుతాండ్య."

"నువ్వు ఇప్పేటప్పుడు నిద్రపోతాండ్య కదమ్మా."

"మొగం మీద ఈ టవాలే కప్పుకోని పండుకోనుండ్య. నేసింది ఆయప్పే."

ఎండ వాకిట్లో పడుతోంది. నేను ఆ టవాలు మడత విప్పి మొహం మీద వేసుకుని చూశాను. ఎదురుగా అమ్మ, పెట్టె మీద చెయ్యి ఆనించి ఏడుస్తున్న మా అమ్మ, పోగుల నడుమ నుంచి స్పష్టంగా కనిపించింది.