మచ్చు చూపని సర్కారు

ముందే తప్పు ఒప్పేసుకుంటే ఒక గొడవ వదులుతుంది. చీపురుపల్లి బజారులో సెల్‌ఫోన్లు బాగుచేసే సాయికిరణ్ అనే వెధవ ఒక దొంగ రిపోర్టు తయారుచేసి, ఊరి వాట్సాప్ గ్రూపులన్నిటిలోకీ వదిలాడు. ఆ వెధవే ఇది రాస్తున్నాడు. దెబ్బ మాత్రం పక్క కొట్టు మహాలక్ష్మమ్మకు తగిలింది.

మహాలక్ష్మమ్మది కిరాణా కొట్టు. మామగారి నాటి నుంచీ ఆ కొట్టుకు ఒకటే పద్ధతి, మచ్చు చూపకుండా సరుకు అమ్మరు. బస్తాలోంచి గుప్పెడు తీసి కొనేవాడి అరచేతిలో పోస్తారు. వాడు ఊదాలి, నలపాలి, ఒక పలుకు కొరకాలి. ఆ తరవాతే తూకం. కొరక్కుండా సంచి చాపినవాణ్ణి ఆవిడ నిలబెట్టి తిట్టేది.

"కళ్ళు ఇంటికాడ ఎట్టీసి వచ్చినావేటి బాబూ? రేపు పురుగుందని నా మీద పడతావు. కొరుకు ముందు!"

అలాంటి కొట్టు నుంచి వెళ్ళిన కందిపప్పు తినడం వల్లే, ఊరి చివర సర్కారు హాస్టల్లో పిల్లలు వాంతులు చేసుకున్నారని పుకారు పుట్టింది. పిల్లలు తేరుకుని మళ్ళీ గోడలు దూకుతున్నారు. కొట్టు మాత్రం తేరుకోలేదు. నిన్నటిదాకా వదినా అని వరసలు కలిపినవాళ్ళు తల దించుకుని ఎదురుగా ఉన్న గిరిబాబు కొట్టుకు పోతున్నారు.

"ఒసే ఈశ్వరీ, నా గుమ్మం ముందు నడిస్తే కూడా వాంతులొచ్చీస్తాయేటే?" అని ఆవిడ కేకేస్తే, పాత ఖాతాదారు ఈశ్వరి వినపడనట్టు నడక పెంచింది.

సర్కారు విచారణ కమిటీ వేసింది. కమిటీ అంటే రెండు కార్లు, మూడు పొట్టలు, ఒక ఫ్లాస్కు. వాళ్ళు హాస్టల్ నీళ్ళ ట్యాంకు ఎక్కి, ముక్కులు మూసుకుని దిగారట. తరవాత మహాలక్ష్మమ్మ కొట్లో పప్పు మచ్చు తీసుకున్నారు. పనిలో పనిగా వేయించిన శనగలు గుప్పిళ్ళతో బొక్కారు. కొన్నాళ్ళకు అందులో ఒకడు అటుగా వెళుతూ కారు అద్దం దించి, "మీ సరుకులో ఏ లోపమూ లేదమ్మా, రిపోర్టులో రాసేశాం," అని పుణ్యం కట్టుకున్నాడు. ఆ రిపోర్టేదో ఇమ్మనేసరికి అద్దం ఎక్కించేశాడు.

ఆవిడ సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టింది. గోప్యం, ఇవ్వం అన్నారు. అప్పీలు చేసింది. విజయనగరం వచ్చి చెప్పుకోమన్నారు. మూతి కుట్టేసిన చిన్న గోనెసంచి చంకన పెట్టుకుని బస్సెక్కింది.

అప్పీలు వినే అధికారి నరసింగరావు. ఎవరో లాక్కుపోతారన్నట్టు రిపోర్టు ఫైలు మీద మోచెయ్యి ఆనించి కూర్చున్నాడు. ఆవిడ సంచిని దబ్బున బల్ల మీద పెట్టింది.

"కొనీయండి బాబూ."

"ఏమిటిది?"

"సెప్పకూడదు. కాన్ఫిడెన్షియల్."

"లోపలేముందో తెలీకుండా ఎవడు కొంటాడమ్మా?"

"మంచిదని నాను సెప్తన్నాను కదా. తినీయండి. బతికితే తెలుస్తాది."

"పరాచికాలా?"

"నాకేటి పరాచికం బాబూ! నా సరుకు మంచిదని కాయితం మీద రాసీసి, ఆ కాయితం మోసేతి కింద ఎట్టీసుకుంటే ఊరోళ్ళు నా పప్పెలా కొంతారు? గుప్పెడు పప్పుకే నాను మచ్చు సూపిస్తన్నాను. ఇంత సర్కారుకి ఏటి సిగ్గు?"

మూలనున్న గుమస్తా దగ్గు నటించి నవ్వాడు. నరసింగరావు తడబడ్డాడు. మోచెయ్యి ఫైలు మీంచి కాస్త లేచింది కూడా. అంతలో ఏదో గుర్తొచ్చి, మొహం వెలిగిపోయి, ఫోన్ తీసి చూపించాడు. అందులో సాయికిరణ్ గాడి రిపోర్టు. ట్యాంకులో చచ్చిన పిల్లి, పప్పు నిర్దోషి, కింద గుండ్రటి ముద్ర.

"మీ ఊళ్ళో ఇలాంటివి పుట్టిస్తుంటే అసలుది ఎలా ఇస్తాం? ప్రజలు గందరగోళపడతారు. అప్పీలు కొట్టేస్తున్నాం."

మహాలక్ష్మమ్మ ఆ ముద్ర వైపు చూసింది. అంచు ఒకచోట నొక్కుకుపోయి ఉంది. అది తన కొట్లో ఇంగువ డబ్బా మూత. దాన్ని మొన్న అడిగి పట్టుకెళ్ళింది ఎవడో ఆవిడకు తెలుసు. అయినా ఆ గదిలో పేరు బయటపెట్టలేదు. సంచి తీసుకుని లేచింది.

"మీరు గందరగోళపడకండి బాబూ. ఇందులో ఉన్నాది కందిపప్పే," అని చెప్పి వచ్చేసింది.

కొట్టు తలుపులు తీసేసరికి సాయికిరణ్ మూత పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అప్పీలు సంగతి వాడికి అప్పటికే తెలిసిపోయింది.

"పిన్నీ, నీ మంచికే సేసినాను. అయినా నాను రాసింది నిజమే అయ్యుంటాది. ట్యాంకు కాడ ఆళ్ళు ముక్కులు మూసుకున్నారు కదా?"

ఆవిడ మూత లాక్కుని డబ్బాకు బిగించింది.

"నిజమైతే మరీ సచ్చినాం కదరా ఎదవా! రేపు అసలు రిపోర్టే బయటికొచ్చినా, ఇదీ ఆ సాయిగాడు ఇంగువ మూతతో గుద్దిందే అంతారు. ఆళ్ళు తలుపే ఏసినారు. తాళం నువ్వు కొనిచ్చినావు."