పాత ఫోటోలో లేని మరుగుదొడ్డి

పాత కట్టడాలను కాపాడతామని బయలుదేరేవాళ్ళంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. సున్నపు గోడలు, టేకు దూలాలు అంటూ ఎవరైనా మైమరచి చెబుతుంటే, ఆ గోడల మధ్య మీరెప్పుడైనా బతికారా అని అడగాలనిపిస్తుంది. నేను బతికాను.

మా నాన్న కాలువ లాకుల దగ్గర లస్కరు. నిడదవోలు మీదుగా వచ్చే కాలువలో పడవ వస్తే లాకు తలుపులు తెరవడం, నీటిమట్టం చూసి పై ఆఫీసుకి కబురు చెప్పడం ఆయన పని. పడవలు అప్పటికే బాగా తగ్గిపోయాయి. లాకుల పక్కన దొరల కాలంలో కట్టిన బంగళా ఒకటి ఉండేది. ముందు గదులకి తాళం వేసి ఉంచేవారు, ఎప్పుడైనా అధికారి వస్తే తెరిచేవారు. వెనక రెండు గదులూ మావి. వాటికి మరుగుదొడ్డి లేదు. చీకటి పడ్డాక అమ్మా నేనూ కాలువ గట్టుకి వెళ్ళేవాళ్ళం. దూరంగా సైకిలు లైటు కనబడితే చాలు, లేచి నిలబడాలి. నా చిన్నతనం గురించి ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది అలా లేచి నిలబడటమే.

నేను పెద్దమనిషినయిన ఏడాది అమ్మ పట్టుబట్టింది. నాన్న తన చేతులతోనే బంగళా వెనక గోడకి ఆనించి ఇటుకలు పేర్చి, పైన రేకు వేసి మరుగుదొడ్డి కట్టాడు. తలుపు పాత పడవ చెక్కలతో చేసింది. అందంగా లేదు, ఒప్పుకుంటాను. కానీ దానికి లోపలి నుంచి గొళ్ళెం ఉండేది. అమ్మ మా గదులకంటే దాన్నే ఎక్కువ శుభ్రంగా ఉంచేది.

నేను ఇంటర్లో ఉండగా, తొంభైల్లో, రాజమండ్రి నుంచి పాత కట్టడాల కమిటీ దిగింది. అధ్యక్షుడు రిటైరైన చరిత్ర లెక్చరరు. కార్యదర్శి సిమెంటు వ్యాపారి. మా గోడ పగుళ్ళకి నాన్న సిమెంటు పూశాడని మొహం చిట్లించింది కూడా ఆ సిమెంటు వ్యాపారే. చెప్పులు విప్పకుండా మా వంటగదిలోకి వచ్చి దూలాలు చూశారు. అమ్మ ఇచ్చిన కాఫీ తాగుతూ, పొయ్యి పొగకి దూలాలు పాడైపోతున్నాయని అమ్మకే చెప్పారు.

అబద్ధమెందుకు, పగిలిన పెంకులన్నీ తీయించి కొత్తవి వేయించారు. ఆ వానాకాలం మంచాల మీద గిన్నెలు పెట్టుకునే బాధ తప్పింది. అందుకు వాళ్ళకి దణ్ణం పెట్టమంటే పెడతాను. అంతవరకే.

తరవాత వాళ్ళ చూపు మరుగుదొడ్డి మీద పడింది. అధ్యక్షుడి దగ్గర బంగళా కట్టిన కొత్తలో తీసిన ఫోటో ఒకటి ఉండేది. దాన్ని ఎంతో భక్తిగా పట్టుకు తిరిగేవాడు. ఆ ఫోటోలో వెనక గోడ ఖాళీగా ఉంది.

"ఇది ఒరిజినల్ కాదమ్మా. తీసేయాలి," అన్నాడు.

"మరి దొరగారు ఎక్కడికెళ్ళేవారండి?" అంది అమ్మ.

ఆయన కాస్త ఇబ్బంది పడి, అప్పట్లో గదిలోనే కుండలాంటిది పెట్టేవారని, ఎత్తి పారబోయడానికి మనిషి ఉండేవాడని వివరించాడు.

"ఆ మనిషిని కూడా తీసుకొస్తారా అండి?"

అధ్యక్షుడు ఫోటో సంచిలో పెట్టుకుని కారెక్కాడు. నాన్న మాత్రం, పెద్దవాళ్ళతో అలాగేనా మాట్లాడేది అని అమ్మ మీద విసుక్కున్నాడు. నాన్నకి పెద్దవాళ్ళంటే భయం. చొక్కా వేసుకున్న ప్రతివాడూ ఆయనకి పెద్దవాడే.

కొన్ని వారాలకి అమ్మా నేనూ మా పిన్నివాళ్ళతో అన్నవరం వెళ్ళాం, మొక్కు ఉందని. వ్రతం చేసుకుని, ప్రసాదం ఆకు పొట్లాలతో సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి వెనక గోడ ఫోటోలో ఉన్నట్టే ఖాళీగా ఉంది. ఇటుకలు కూడా మిగల్చలేదు, ట్రాక్టరులో ఎత్తుకుపోయారు. పై ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చిందని, తనేం చేయగలడని నాన్న గొణిగాడు. ఆ సంగతి ఆయనకి మేము వెళ్ళకముందే తెలుసు. అమ్మ ప్రసాదం ఆయన చేతిలో పెట్టలేదు. ఆ క్షణాన నాకు కమిటీ మీద కంటే నాన్న మీదే ఎక్కువ అసహ్యం వేసింది.

మళ్ళీ గట్టు మొదలైంది. కాలేజీకి వెళ్ళే పిల్లని, మళ్ళీ సైకిలు లైటు చూసి లేచి నిలబడ్డాను.

బాగుచేసిన బంగళా ప్రారంభోత్సవానికి ఒక పెద్ద అధికారి భార్య వచ్చింది. ఉపన్యాసాల మధ్యలో ఆవిడ అమ్మ దగ్గరికి వచ్చి, బాత్రూమ్ ఎక్కడమ్మా అని మెల్లగా అడిగింది. గట్టు చూపించమని నేను అమ్మ చెయ్యి గిల్లాను. అమ్మ నా మాట వినలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని, లాకు తలుపుల మీది చెక్క దాటించి, అవతల టీచరుగారింటికి తీసుకెళ్ళింది. అమ్మ మంచితనం నాకు ఆ రోజు అస్సలు నచ్చలేదు.

అమ్మ ఎన్నిసార్లు చెప్పినా అర్థం కానిది, ఆవిడకి ఒక్కసారి ఇబ్బందయ్యేసరికి కమిటీకి అర్థమైంది. నెల తిరక్కుండా ఆవరణ చివర, ఫోటోల్లో పడనంత దూరంలో, తెల్లటి టైల్స్‌తో మరుగుదొడ్డి లేచింది. సందర్శకులకట. తలుపుకి తాళం కప్ప వేసి, తాళంచెవి కార్యదర్శి తన కొట్లో పెట్టుకున్నాడు. ఎవరైనా చూడటానికి వచ్చినప్పుడు తెచ్చి తీసేవాడు. మిగతా రోజుల్లో అది మా వంటగది కిటికీలోంచి తెల్లగా కనిపిస్తూ ఉండేది. నాన్న ఒకసారి చేతులు నలుపుకుంటూ తాళంచెవి అడిగాడు. మీకిస్తే పాడవుతుందన్నాడు కార్యదర్శి.

ఆ మరుసటి వానాకాలం అమ్మకి విరేచనాలు పట్టుకున్నాయి. పొద్దున్న నుంచి ఆగలేదు. పట్టపగలు, గట్టు మీద మనుషులు తిరుగుతున్నా, గొడుగు అడ్డం పెట్టుకుని వెళ్ళింది. తిరిగొస్తూ బురదలో జారి కూలబడింది. నేను లేపబోతే లేవలేకపోయింది. చీర పాడైంది. అవతలి గట్టున ఇద్దరు మగాళ్ళు ఆగి చూస్తున్నారు. అమ్మ మొహం కొంగుతో కప్పుకుంది. అమ్మ అలా మొహం దాచుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

నాన్న పరిగెత్తుకొచ్చి అమ్మని ఎత్తుకుని తెచ్చి వరండాలో పడుకోబెట్టాడు. లోపలికి వెళ్ళి గునపం తెచ్చుకున్నాడు. తాళం కప్ప మొదటి దెబ్బకి ఊడలేదు. ఊడేదాకా కొట్టాడు. ఆ చూస్తున్న ఇద్దరూ వెళ్ళిపోయారు. రెండు బకెట్ల నీళ్ళు మోసి లోపల పెట్టి, అమ్మని నడిపించుకు వచ్చి, తను తలుపు బయట వానలో నిలబడ్డాడు.

మర్నాడు కార్యదర్శి కొత్త తాళం పట్టుకుని వచ్చాడు. ఇది కమిటీ ఆస్తి అన్నాడు, పై అధికారులకి రాసి నీ ఉద్యోగం తీయిస్తానన్నాడు. నాన్న ఎప్పటిలాగే చేతులు కట్టుకునే నిలబడ్డాడు. గొంతు మాత్రం వణకలేదు.

"రాయండి బాబు. లస్కరు పెళ్ళాం దొడ్డికెళ్ళిందని రాయండి. కింద నేను కూడా సంతకం పెడతాను."

కార్యదర్శి తాళం జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. ఆయన ఎవరికీ ఏమీ రాయలేదు. మాకు ట్రాన్స్‌ఫరు అయ్యేదాకా ఆ తలుపుకి మళ్ళీ తాళం పడలేదు.