బిందె మీద జారిన గీత

గుత్తిలో ఒక పాత్రల అంగడిలో పేర్లు చెక్కడం నేర్చుకోవడానికి చేరి నాకు రెండు నెలలైంది. ఇన్నాళ్లూ సొట్టలుపడిన మూతల మీదే చెక్కుతూ వచ్చాను. ఈ రోజు నాకు పని నేర్పే సుబ్బన్న జ్వరమని రాలేదు. అప్పుడే ఒక పెద్దామె కొత్త ఇత్తడి బిందె కొని, ‘ఓబులమ్మ’ అని తన పేరు చెక్కమంది. ఈ ఏడు కూడా వానల్లేవు. బోరింగు దగ్గర వరుసలో బిందెలు మారిపోతున్నాయట.

నాకింకా సరిగా రాదని చెప్పకుండానే ఉలి పట్టుకున్నాను. ‘ఓబుల’ దాకా బాగానే వచ్చింది. ‘మ్మ’ దగ్గర ఉలి జారి, బిందె మెడ దాకా వంకర గీత పడింది. ఇత్తడి మీద పడిన గీత తుడిస్తే పోదు. కాసేపు కొంగు అడ్డంపెట్టి కూర్చున్నాను. చివరికి ఉండబట్టలేక చూపించాను.

“పెద్దమ్మా, ఈడ ఉలి జారింది. కొత్త బిందె పాడు చేసినాను.”

ఆమె ఆ గీతను వేలితో తడిమి చూసింది.

“నాకు చదువు రాదు పాపా. పేరు చదువొచ్చినోళ్లకు. ఈ గీత నాకు. చీకట్లో చెయ్యి పెట్టినా నా బిందె అని తెలుస్తాది.”

బిందె చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. సుబ్బన్న ఇంట్లోవాళ్లు నీళ్లు పట్టేది కూడా ఆ బోరింగు దగ్గరే. రేపు నేనే ముందుగా చెప్పేయాలా, ఆ గీత సంగతి ఆయనకు తెలిసి అడిగేదాకా ఆగాలా? మీరే చెప్పండి.