సరస్సు మీది దారి

ఫిన్లాండ్ వెళ్లే ముందు భూపాలపల్లిలో ఇల్లు ఖాళీ చేశాం. సామాను జనగామలో మా అమ్మ దగ్గర దించి, చివరిగా మహబూబాబాద్ అవతల ఉన్న మా అత్తగారి ఊరికి బయలుదేరాం. అవి ముసురు రోజులు. ఊరికి ముందు ఒక వాగు, దాని మీద బాగా కిందికి వేసిన సిమెంటు దారి ఉన్నాయి. ఆ రోజు వాగు ఆ దారి మీది నుంచే పారుతోంది. నీళ్లు ఎర్రగా, వడిగా ఉన్నాయి.

బైకు మీద ముందు నాలుగేళ్ల బాబు కూర్చున్నాడు. వెనక నేను, నాకూ మా ఆయనకూ మధ్య ఏడేళ్ల పాప.

"జర ఆగుదాం. నీళ్లు తగ్గినంక పోదాం" అన్నాను.

"ఏం గాదు. గీ వాగు నాకు చిన్నప్పటి సంది ఎరుక" అని మా ఆయన బైకు ముందుకే పోనిచ్చాడు.

నడిమధ్యలో చక్రం పక్కకు జారింది. బండి ఎట్లాగో నిలదొక్కుకుంది. గడ్డ ఎక్కాక ఆయన నవ్వాడు. పిల్లలు కూడా నవ్వారు. నేను మాత్రం ఇంటికి చేరేదాకా పాపను గట్టిగా పట్టుకునే ఉన్నాను. నేను పుట్టి పెరిగింది జనగామ దగ్గర నర్మెట్ట వైపు. మాకు నీళ్ల గురించి ఉన్న బెంగంతా బోరు ఎండిపోతుందేమోనన్నదే. నీళ్లు మనిషిని తీసుకుపోతాయని వినడమే తప్ప ఎప్పుడూ చూడలేదు.

ఆయన భూపాలపల్లి కరెంటు ఫ్యాక్టరీలో బాయిలర్లు చూసేవాడు. ఫిన్లాండ్‌లో ఒక చిన్న ఊళ్లో కాగితం మిల్లులో అదే పని దొరికింది. ఆ ఊరి నడుమ పెద్ద సరస్సు. మా ఇల్లు ఈ ఒడ్డున, బడీ మిల్లూ ఆ ఒడ్డున. వెళ్లాలంటే చుట్టూ తిరిగి వంతెన మీదుగా పోవాలి.

చలికాలం ముదిరేసరికి సరస్సు గడ్డకట్టింది. ఊరివాళ్లు దాని మీద చెట్ల కొమ్మలు పాతి దారి గుర్తు పెట్టుకున్నారు. పిల్లలు, ముసలివాళ్లు, కుక్కలు, అందరూ అటూ ఇటూ నడవసాగారు. మా ఆయన సంబరం చెప్పనలవి కాదు. రోజూ పాపను చేయి పట్టుకుని ఆ దారినే తీసుకుపోయేవాడు. నేను కిటికీలోంచి, వాళ్లు చిన్నగా అయిపోయి, ఆ ఒడ్డు ఎక్కేదాకా చూసేదాన్ని.

అక్కడ మధ్యాహ్నానికే చీకటి పడుతుంది. ఆ చీకట్లో సరస్సు అరిచేది. ముందు దూరంగా ఒక మూలుగు, తర్వాత ఎవరో పెద్ద ఇనుప రేకును చీల్చినట్టు, మా ఇంటి కిందుగా పోయినట్టు వినిపించేది. భూపాలపల్లిలో బొగ్గు కోసం బాంబులు పేల్చినప్పుడు కిటికీలు అదరడం పిల్లలకు అలవాటే. ఇది వేరు.

"అమ్మా, గీడ గూడ బొగ్గు బాయి ఉన్నదా?" అని బాబు అడిగాడు.

"లేదు బిడ్డా."

"మరి కింద ఎవరున్నరు?"

మా పక్కింట్లో ఒంటరిగా ఉండే ఒక ముసలామె ఉంది. పిల్లలు ఆమెను అవ్వ అనేవాళ్లు. పాపకు అప్పటికే అక్కడి భాష వచ్చేసింది. ఒకరోజు మంచు ఊడుస్తున్న ఆ అవ్వను పాప చేత అడిగించాను.

"అమ్మా, సరస్సు అరిస్తే భయం లేదంట. మంచు గట్టిగున్నట్టంట" అంది పాప.

"మరి భయం ఎప్పుడంట?"

అవ్వ చీపురు ఆపి, ఒక్క ముక్కలో ఏదో చెప్పింది. పాప నా వైపు తిరిగి, "అరుసుడు బంద్ అయినప్పుడంట" అంది.

వసంతంలో ఎండ కాసింది. అరుపులు ఆగిపోయాయి. తెల్లగా ఉన్న సరస్సు బూడిద రంగుకు తిరిగింది. పాతిన కొమ్మలు ఒరిగాయి, వాటి మొదళ్లలో నీళ్లు నిలిచాయి. ఎవరూ చాటింపు వేయలేదు గానీ మనుషులు దాని మీద నడవడం మానేశారు. ఉదయం కాఫీ పెట్టుకుంటూ చూస్తే ఆ వెడల్పు మీద ఒక్క ప్రాణి ఉండేది కాదు. జనగామ నుంచి అమ్మ వీడియో కాల్ చేసి, "ఈడ ఎండలు మండుతున్నయి బిడ్డా. మీకు సల్లగ మంచిగున్నదా?" అనేది. మంచిగున్నదనే చెప్పేదాన్ని.

"ఇగ సరస్సు మీదికెళ్లి రాకు. పాపను వంతెన మీదికెళ్లే తీసుకరా" అని మా ఆయనకు గట్టిగా చెప్పాను.

"నిన్ననే వచ్చిన. ఏం గాలే" అన్నాడు. నా మొహం చూసి, "సరే, రాను" అన్నాడు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, కిటికీలోంచి చూస్తే సరస్సు నడుమ రెండు ఆకారాలు. ఒకటి పాప ఎర్ర జాకెట్టు.

బాబును చంకనేసుకుని ఒడ్డుకు పరుగెత్తాను. అవ్వ నాకంటే ముందే అక్కడుంది. బాబును ఒడ్డున దించి నేను మంచు మీద కాలు పెట్టబోతే చెయ్యి పట్టి వెనక్కి లాగి, తన కొట్టం వైపు పోయింది. మా ఆయన ఒడ్డుకు కొంచెం దూరంలో ఆగిపోయాడు. ముందుకు అడుగు వేయలేదు, వెనక్కీ వేయలేదు. కాళ్ల కింది మంచు ఆగదని ఆయనకు అర్థమైపోయిందని నాకు తెలిసింది.

పాపను బోర్లా పడుకోబెట్టాడు. ఆయన గొంతు మంచు మీదుగా స్పష్టంగా వినిపించింది.

"లేవకు బిడ్డా. అమ్మ దిక్కు పాక్కుంట పో. నా దిక్కు సూడకు."

పాప ఏడవలేదు. మోచేతుల మీద పాకింది. అవ్వ కొట్టంలోంచి నిచ్చెన ఈడ్చుకొచ్చి మంచు మీదికి తోసింది. పాప దాని మెట్టు అందుకోగానే ఇద్దరం లాగేశాం. జాకెట్టు ముందంతా తడిసి బరువెక్కింది. ఆ జాకెట్టు పట్టుకునే తలెత్తి చూశాను. ఆయన కిందికి దిగిపోయాడు. పగిలిన చప్పుడైనా రాలేదు.

చేతులు ఆనించిన చోటల్లా మంచు విరిగింది. నిచ్చెన మళ్లీ తోశాం. నేను దాని మీద పడుకుని చెయ్యి చాపాను. అవ్వ వెనక నుంచి నా కాళ్లు పట్టుకుని ఉంది. ఆయన వేళ్లు నా మణికట్టుకు తగిలినప్పుడు, అవి మనిషి వేళ్లలా లేవు. ఎట్లా లాగామో చెప్పలేను. అవ్వ పిలిచిన అంబులెన్స్ వచ్చేసరికి ఆయన ఒడ్డున కూర్చుని, పళ్లు కొట్టుకుంటూ, పాప పేరే పలుకుతున్నాడు.

దవాఖానలో మర్నాడు నాతో అన్నాడు: "వాగుల మునిగినా కాళ్లకు ఇసుక తాకేది. గీడ ఏం తాకలే."

ఇంటికి వచ్చాక పాప చాలా రోజులు ఆయన చేయి పట్టుకోలేదు. ఆయన చాపితే వెనక్కి తీసుకునేది. బాబు ఒకటే ప్రశ్న: "డాడీని కిందికెళ్లి ఎవరు గుంజిన్రు?" ఎవరూ లేరంటే నమ్మేవాడు కాదు. ఆయనకు జ్వరమని మా అత్తగారి ఊరికి చెప్పాం. జనగామలో అమ్మకు అది కూడా చెప్పలేదు.

తిరిగి వచ్చేద్దామా అని ఆయనే ఒకసారి అడిగాడు. నేను ఆలోచించి, వద్దన్నాను. పాప బడిలో కుదురుకుంది. నాకు భయం పోలేదు గానీ, ఆ భయాన్ని మోసుకుంటూ పిల్లల్ని ఊరూరా తిప్పాలనిపించలేదు. వేసవిలో ఊరి ఈత కొలనులో నా పేరూ పాప పేరూ రాయించాను. పాప నాకంటే తొందరగా నేర్చుకుంది.

మళ్లీ చలికాలం వచ్చాక, బడివాళ్లు పిల్లలందరినీ సరస్సు మీదికి స్కేటింగ్‌కు తీసుకుపోతామన్నారు. పాప మా ఇద్దరి మొహాలు మార్చి మార్చి చూసింది. ఆయన లేచి లోపలికి పోయాడు. నేనే పొమ్మన్నాను. ఆ రోజు నేను ఏ పని మొదలుపెట్టినా సగంలోనే వదిలేశాను. సాయంత్రం పాప బుగ్గలు ఎర్రబడి, ఆకలి ఆకలంటూ వచ్చింది. పప్పన్నం కలిపి పెట్టాను. ఆయన ఎదురుగా కూర్చుని, పాప తినడం అయ్యేదాకా చూస్తూ ఉన్నాడు.